ఇవ్వని ముగ్గు

"దాన్ని తీసెయ్," అంది వదిన.

అచ్చులమ్మ వినిపించుకోలేదు. వినిపించుకునే స్థితిలో లేదు. ప్రెస్సు చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని, ఒంటి బరువంతా దాని మీద వేసి తిప్పుతోంది. కుడి భుజం కలుక్కుమంది. ఆ నొప్పి కొత్తదేం కాదు. ఈమధ్య ఆ భుజం ఇంట్లో ఇంకో మనిషిలా తయారైంది, పొద్దున్నే లేవగానే ముందు దాని బాగోగులు కనుక్కోవాలి. చక్రం మూలుగుతూ తిరిగింది, పలక అవతలి వైపుకి వచ్చింది. ఆమె కాగితం రెండు మూలలూ వేళ్ళ కొసలతో పట్టుకుని మెల్లిగా పైకెత్తింది. సిరా కాస్త మారాం చేసి కాగితాన్ని వదిలింది. నల్లటి నేల మీద తెల్లటి మెలికల ముగ్గు పడింది.

"ఏమన్నావు వదినా?"

"ఆ తీగ మీద ఆరేశావే, చివర్లో ఉన్నది. దాన్ని తీసెయ్ అన్నా."

వదిన కిటికీ పక్కన ఎత్తుపీట మీద కూర్చుని కాగితాలు మడుస్తోంది. ఆవిడ అచ్చులమ్మ అన్నయ్య భార్య. మధ్యాహ్నం ఇంట్లో పని తెమిలాక నాలుగు వీధులు నడిచి ఈ షెడ్డుకి వస్తుంది. రమ్మని ఎవరూ అనలేదు. "ఒక్కదానివే చస్తున్నావు, చేతులు నాకూ ఉన్నాయి," అంటూ ఒకరోజు వచ్చి కూర్చుంది, అప్పట్నుంచీ కూర్చుంటూనే ఉంది. అంచుకి అంచు చేర్చి, నున్నటి ఎముక బద్దతో ఒక్క లాగు లాగిందంటే మడత కత్తితో కోసినట్టుంటుంది. అచ్చులమ్మ అన్నది అన్నయ్య పెట్టిన పేరు. "మా ఇంట్లో ఒకావిడ ముగ్గులు వేస్తుంది, ఇంకొకావిడ అచ్చులు వేస్తుంది, నాకు అన్నం వేసేవాళ్ళే లేరు," అని ఆయన వచ్చినవాళ్ళందరికీ చెప్పి చెప్పి ఆ పేరు వీధికంతా అంటించాడు.

పుస్తకం సంగతి చెప్పాలి. అది కుట్టిన పుస్తకం కాదు. పేజీలన్నీ అంచుకి అంచు అతికించి, ఇటొక మడతా అటొక మడతా పెట్టిన పొడుగాటి పట్టీ. మూస్తే చేతిలో ఇమిడిపోతుంది, విప్పితే ఇంటి ముందు వాకిలంత సాగుతుంది. పేజీకో ముగ్గు. అన్నీ వదినవే. పోటీలకి వేసే రంగురంగులవి కావు. రోజూ గుమ్మం ముందు వేసేవి, రోజూ జనం కాళ్ళ కింద పోయేవి. ఓ నెలపాటు అచ్చులమ్మ తెలతెలవారుతుండగా ఫోన్ పట్టుకుని కిందికి దిగి వాటిని ఫొటోలు తీసింది. తర్వాత వాటిని పెద్దగా ప్రింటు తీయించి, మీద పల్చటి కాగితం పరిచి గీతలు దించింది, ఆ కాగితాన్ని తిరగేసి లినో అనే మెత్తటి పలక మీదికి ఎక్కించింది, సన్న ఉలితో గీత వెంట గీత తవ్వింది. తవ్విన చోట సిరా అంటదు కాబట్టి ముగ్గు తెల్లగా, నేల నల్లగా పడుతుంది. ఇన్నాళ్ళూ ఎవరెవరి బొమ్మలకో అచ్చులు తీసి, వాళ్ళు వచ్చి కింద పెన్సిల్‌తో సంతకాలు పెడుతుంటే పక్కన నిలబడి గుడ్డతో చేతులు తుడుచుకున్న మనిషి ఆమె. యాభై దాటాక ఇది ఆమె సొంత పుస్తకం.

వదిన చూపిస్తున్న కాగితంలో చుక్కలన్నీ ఉన్నాయి. గీత మాత్రం ఎడమవైపు చుక్కల చుట్టూ మెలికలు తిరిగి తిరిగి, మధ్యలో ఓ చోట ఆగిపోయింది. కుడివైపు చుక్కలు వాటి మానాన అవి ఉండిపోయాయి.

"అది సగమే వేశాను. అసలది ముగ్గే కాదు."

"సగం కాబట్టే బావుంది వదినా."

"సగం ఉడికిన అన్నం కూడా బావుంటుందా?"

అచ్చులమ్మ పకపకా నవ్వింది. వదిన నవ్వలేదు. బద్ద ఒళ్ళో పెట్టుకుని, "నవ్వకు. అదొక్కటీ తీసెయ్. మిగతావన్నీ నువ్వు ఉంచుకో," అంది.

ఆ గొంతు విని అచ్చులమ్మకి కొంచెం ఆశ్చర్యమే కలిగింది. వదిన ఫలానాది కావాలని గానీ వద్దని గానీ అడగడం ఆమె ఎన్నడూ వినలేదు. కానీ తీగ మీద ఇంకా తడి ఆరనివి వేలాడుతున్నాయి, అద్దం పలక మీద సిరా బిగుసుకుపోతోంది, భుజం పీకుతోంది. "చూద్దాంలే," అంది. చూద్దాంలే అంటే ఆ ఇంట్లో చూడననే అర్థం. అది అనే ఆమెకీ తెలుసు, వినే ఆవిడకీ తెలుసు.

మర్నాడు గ్యాలరీ మేడమ్ వచ్చింది. ఈ పుస్తకాన్ని ప్రదర్శనకి పెట్టి అమ్మిపెడతానన్నది ఆవిడే. కళ్ళజోడు నెత్తి మీదికి నెట్టుకుని, షెడ్డులో మూల నుంచి మూలకి కట్టిన తీగ వెంబడే నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చింది. ఒక్కొక్క కాగితం దగ్గరా "ఊఁ" అంటోంది. ఆ ఊఁ అనేది మంచి ఊఁనో చెడ్డ ఊఁనో అంతుపట్టక అచ్చులమ్మ వెనకాలే అరచేతులు గుడ్డకి రుద్దుకుంటూ నడిచింది. చివరి కాగితం దగ్గర మేడమ్ ఆగిపోయింది. నెత్తిమీది కళ్ళజోడు కిందికి దించింది.

"ఇది... ఇది ఎక్కడిదండీ?"

"అదీ మా వదినదే. ఆ రోజెందుకో మధ్యలో వదిలేసింది."

"వదిలేసింది! చూడండి, సరిగ్గా ఇక్కడ చెయ్యి ఆగింది." మేడమ్ వేలు కాగితానికి తగలకుండా గాలిలో గీత వెంట తిరిగింది. "ఎంత అలసట ఉందండీ ఇందులో! రోజూ వేసీ వేసీ, ఒకనాడు ఇంక నావల్ల కాదని... మీరు ఇంతకాలం ఎందుకు చూపించలేదు నాకు?"

పొగడ్త అంటే ఏమిటో మర్చిపోయిన మనిషికి అది ఒక్కసారిగా వచ్చి మీద పడితే ఎలా ఉంటుంది? అచ్చులమ్మ చెవులు వేడెక్కాయి. మేడమ్ చెప్పుకుపోతూనే ఉంది. ప్రదర్శనలో లోపలికి రాగానే ఎదురుగా ఉండే గోడ దీనికేనట. పోస్టరు మీద ఇదేనట, అట్ట మీదా ఇదేనట, దీనికి 'విరామం' అని పేరు పెడదామట.

"పోనీ... మాటవరసకి... అది లేకుండా అయితే?" అంది అచ్చులమ్మ.

మేడమ్ నవ్వింది. "అది లేకపోతే ఇంకేముందండీ? మిగతావి అందంగా ఉన్నాయి, కాదనను. అందమైనవి నా దగ్గరికి చాలామంది తెస్తారు."

వదిన వద్దందని అప్పుడే చెప్పెయ్యాల్సింది. మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఎదురుగా ఉన్న గోడ కళ్ళలో మెదిలింది. తన చేత్తో తీసిన అచ్చు, తన పేరు, లోపలికొచ్చే ప్రతివాళ్ళూ ముందు దాని దగ్గరే ఆగడం. ఆమె "అలాగే మేడమ్, మిగతా ప్రతులు ఈ వారంలోనే తీసేస్తాను," అంది. మేడమ్ ఆ కాగితాన్ని ఫొటో తీసుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం అన్నయ్య హాల్లో పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. వదిన కంచాలు సర్దుతోంది. అచ్చులమ్మ మంచినీళ్ళ గ్లాసులు నింపుతూ, వీలైనంత తేలిగ్గా, ఏదో వీధిలో కబురు చెప్పినట్టు చెప్పింది.

"నీ అలసటని పెద్ద గోడకి తగిలిస్తారట వదినా. మేడమ్ ఎంత మెచ్చుకుందో తెలుసా?"

"నా అలసట ఆవిడకేం తెలుసు?"

"చూడగానే చెప్పేసింది."

"చూస్తే తెలిసేదైతే ఈ ఇంట్లో ఎప్పుడో తెలిసుండేది."

అన్నయ్య పేపరు ఇంకాస్త పైకి లేచింది. తర్వాత దాని వెనకనుంచి, "అయినా ముగ్గే కదా, దానికింత పంచాయితీ ఏమిటి?" అన్న మాట వచ్చింది. ఇద్దరాడవాళ్ళూ ఒకేసారి అటు తిరిగి చూశారు. ఆయన మళ్ళీ వార్తల్లో పడ్డాడు.

"తీశావా?" అంది వదిన.

"అది కాదు వదినా, పట్టీలోంచి ఒక్క పేజీ తీస్తే మడత తిరగబడుతుంది. వెనక అట్ట ముందుకొచ్చి కూర్చుంటుంది. అంతా మళ్ళీ మొదటికి..."

"మడతల సంగతి నాకే చెప్తున్నావా? రోజూ మడిచేదెవరు?"

అచ్చులమ్మ ఇంకో గ్లాసు నింపింది. నిజానికి తిరగబడేది మడతొక్కటే అయితే దానికి నిమిషంలో ఉపాయం ఉంది, అది వదినకీ తెలుసు. అయినా ఆవిడ రెట్టించలేదు. "సరే, నీ ఇష్టం," అని వంటింట్లోకి వెళ్ళింది. అరిచి ఉంటే బాగుండేది. వదిన 'నీ ఇష్టం' అందంటే ఆ మాట నాలుగు రోజులు ఇంట్లో అందరి కాళ్ళకీ అడ్డం పడుతూ ఉంటుంది.

తెల్లారి అచ్చులమ్మ మేడమీది గదిలోంచి దిగి వచ్చేసరికి వాకిలి చిమ్మడం, నీళ్ళు చల్లడం, ముగ్గు వెయ్యడం అన్నీ అయిపోయాయి. చిన్న ముగ్గు. నాలుగు రేకులు, చుట్టూ ఒక గీత. నిన్నా ఇదే. మొన్నా ఇదే అనుకుంటా. గట్టిగా ఆలోచిస్తే, ఆమె ఫొటోలు తియ్యడం ఆపిన దగ్గర్నుంచీ రోజూ ఇదే. పాపం, ఈవిడ నిజంగానే అలిసిపోయింది అనుకుంది అచ్చులమ్మ. అలా అనుకోగానే మనసు కుదుటపడింది. మరి మేడమ్ చెప్పింది అదే కదా! కాగితం మీద ఉన్నది అదే కదా! ఉన్నదున్నట్టు అచ్చువేస్తే తప్పేముంది? చెప్పులు వేసుకుని, ముగ్గు తొక్కకుండా పక్కనుంచి దాటి షెడ్డుకి నడిచింది. దారిపొడుగునా తనకి తనే సర్దిచెప్పుకుంటూ నడిచింది.

షెడ్డులో కాగితాలు ముందురోజే తడిపి, గుడ్డలో చుట్టి ఉంచింది. అద్దం పలక మీద సిరా వేసి, రోలర్‌తో పల్చగా పరిచింది. సిరా సరిగ్గా కుదిరితే రోలర్ కింద చిరచిరమని సన్నగా చప్పుడవుతుంది. ఆ చప్పుడు వచ్చేదాకా పరిచి, ఆగిపోయిన ముగ్గు పలకకి పట్టించింది. కాగితం, పైన దుప్పటి గుడ్డ, చక్రం. ఒకటి తీసింది. ఇంకొకటి తీసింది. నలుపు నిండుగా వచ్చింది, గీత అంచు మెత్తగా తేలింది. ఇంత బాగా కుదిరిన పలక ఆమె చేతిలో ఎన్నడూ పడలేదు. చెయ్యి తిరిగిన ముగ్గు, చెయ్యి తిరిగిన అచ్చు. రెండూ కలిస్తే ఇలాగే ఉంటుందని మురిసిపోయింది కూడా.

నాలుగైదు ప్రతులు తీశాక ఒకచోట అనుమానం వచ్చింది. గీత ఆగిన చోట చివర గుండ్రంగా లేదు, కాస్త మొండిగా ఉంది. వదిన చెయ్యి అలా వదలదు. తను ఉలితో పొరపాటున కోసిందా, ముగ్గే అలా ఉందా అని చేతులు తుడుచుకుని ఫోన్ తీసింది. ఆ రోజు ఫొటో వెతికి, ఆ చోటు వేళ్ళతో పెద్దది చేసింది.

ముగ్గే అలా ఉంది. పిండి సన్నగా రాలుతూ వచ్చి టక్కున ఆగిపోయింది. దాని పక్కనే నేల కాస్త ముదురుగా ఉంది. తడి అనుకుంది. ఫొటో కొంచెం వెనక్కి జరిపింది. తడి కాదు. అదొక నీడ. గుండ్రంగా తల, ఒక భుజం, పైకెత్తిన మోచెయ్యి. ఫోన్ ఎత్తి పట్టుకున్న మనిషి నీడ. గుమ్మం పైన బల్బు వెనకనుంచి కొడుతుంటే వాకిట్లోకి సాగి, ముగ్గు మీద పడి, కుడివైపు చుక్కలన్నిటినీ కప్పేసింది. సరిగ్గా ఆ తల అంచు దగ్గర గీత ఆగింది.

అచ్చులమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. ఈ ఫొటో ఆమె ఎన్నిసార్లు చూడలేదు! దీని మీదే కాగితం పరిచి, దీన్ని చూస్తూనే గీతలన్నీ దించింది. నీడలు వదిలెయ్యడం ఈ పనిలో అందరికంటే ముందు నేర్చుకునే సంగతి. ఫొటోలో మరక ఉన్నా, గచ్చు మీద పగులు ఉన్నా, నీడ ఉన్నా చెయ్యి దానంతటదే వదిలేస్తుంది. కావలసిన గీతొక్కటే పలకకెక్కుతుంది. తన నీడని తనే శుభ్రంగా తుడిచేసి, మిగిలిన ముగ్గుని చూసి ఎంత అలసటో అని అందరితో కలిసి ముచ్చటపడింది.

ఆ బల్బు వేసింది కూడా ఆమే. వదిన ఏనాడూ లైటు వేసుకుని ముగ్గు వెయ్యదు. మసక వెలుతురులోనే చిమ్మి, మసకలోనే చుక్కలు పెడుతుంది. ఫొటోలో సరిగ్గా పడటం లేదని ఆ నెలంతా దిగుతూనే గుమ్మం పక్క స్విచ్చి నొక్కింది అచ్చులమ్మ. ఫోన్‌లో మిగతా ఫొటోలు ముందుకీ వెనక్కీ జరిపి చూసింది. ఒకదానిలో ఓ మూల వదిన మోకాలు. ఇంకొకదానిలో పక్కకి లాక్కుంటున్న చీర కుచ్చెళ్ళు. కాస్త జరుగు వదినా అన్న తన గొంతు తనకే వినిపించింది.

రోలర్ మీద సిరా ఎండుతోంది. మామూలుగా అయితే ప్రాణం పోతున్నా ఆ రోలర్ తుడవకుండా ఆమె బయటికి కదలదు. ఆ రోజు అలాగే వదిలేసి, నడుముకి కట్టుకున్న గుడ్డ కూడా విప్పకుండా ఇంటికి బయల్దేరింది.

వదిన డాబా మీద ఆరిన బట్టలు తీస్తోంది. భుజం నిండా బట్టలు, నోట్లో రెండు క్లిప్పులు. మరదలి వాలకం చూసి క్లిప్పులు తీసి, "ఏమైంది? చెయ్యి నలిగిందా?" అంది కంగారుగా.

"లేదు. వదినా, ఆ రోజు నువ్వు అలిసిపోయి ఆపేశావనుకున్నాను."

"అలిసిపోతే ముగ్గెందుకు ఆపుతాను? అలిసిపోతేనే కదా వేసేది."

"మరి?"

వదిన ఇంకో తువ్వాలు లాగి భుజాన వేసుకుంది. తర్వాత చెప్పేసింది.

"లైటు పడింది. నువ్వొచ్చావు."

వదిన తీగ మీంచి ఇంకో క్లిప్పు తీసింది.

"మీ అన్నయ్య అప్పటికి లేవడు. కుళాయి రాదు. ఏమేవ్ అనీ, వదినా అనీ, అది ఎక్కడ పెట్టావు, ఇది ఎక్కడ పెట్టావు అనీ ఎవరూ పిలవరు. రోజు మొత్తంలో నాకు ఆ కాసేపే. చుక్కలు పెట్టేదాకా ఏం వేస్తానో నాకే తెలీదు, చెయ్యి ఎటు పోతే అటు. నువ్వు రావడం మొదలెట్టాక ముందే తెలియాల్సొచ్చింది. రేపు కాస్త పెద్దది వెయ్యి వదినా, నిన్నటిది మళ్ళీ వెయ్యకు వదినా, కుచ్చెళ్ళు అడ్డొస్తున్నాయి జరుగు వదినా. సరే, నీ పుస్తకం కోసమేగా అని వేశాను. ఏడుస్తూ వెయ్యలేదు, ఇష్టంగానే వేశాను. ఆ ఒక్కరోజు నావల్ల కాలేదు. నీ నీడ వచ్చి మీద పడగానే డబ్బా మూత పెట్టేసి లోపలికి పోయాను. నువ్వు దాన్నీ ఫొటో తీసుకున్నావు."

"అప్పుడే ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయింది వదినా?"

"ఏమనను? ఈ ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ నిన్ను చూస్తున్నాను. ఇది నాది అంటూ ఒకటి పట్టుకుని నువ్వంత సంబరంగా తిరగడం ఎప్పుడు చూశాను గనక? ఆ మొహం చూసి అనబుద్ధి కాలేదు." వదిన తీగ మీది దుప్పటి లాగింది. గొంతు కొంచెం గట్టిపడింది. "మిగతావన్నీ నీకు నేనిచ్చాను. అది ఇవ్వలేదు. నువ్వు తీసుకున్నావు."

చెంప మీద ఒక్కటి కొట్టినా అంత సిగ్గుపడేది కాదు అచ్చులమ్మ. ఈ పెద్దమనిషికి ఇంకేం మిగిల్చాం అనుకుంది. అన్నం, నిద్ర, మధ్యాహ్నాలు అన్నీ తలా కాస్తా పంచుకున్నారు, మిగిలిన ఆ కాసేపట్లోకి తను లైటు వేసుకుని మరీ వచ్చింది. క్షమించమని అందామంటే ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ ఎవరితోనూ అనరు, నోరు తిరగదు. దుప్పటి రెండో కొస అందుకుంది. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి దాన్ని బిగించి దులిపారు.

"సరిగ్గా పట్టుకో, నేల తాకుతోంది," అంది వదిన.

అచ్చులమ్మ కొస పైకెత్తి పట్టుకుంది. దగ్గరికి నడిచి కొసలు వదిన చేతిలో పెట్టింది. వేళ్ళ సిరా దుప్పటి అంచుకి అంటింది. వదిన అది చూసి, ఆ అంచు లోపలికి పెట్టి మడిచింది.

అచ్చుపనిలో ఒక ఆనవాయితీ ఉంది. కావలసినన్ని ప్రతులు తీశాక పలకని అలాగే ఉంచరు. దాని మీద ఈ మూల నుంచి ఆ మూలకి ఒక గీత కోసేస్తారు. ఇక దాని మీంచి ఎవరూ దొంగచాటుగా అచ్చులు తియ్యకూడదని. అచ్చులమ్మ ఇతరుల పలకలు ఎన్నిటినో అలా కోసింది, కూరగాయలు తరిగినంత మామూలుగా. మర్నాడు పొద్దున ఆ పలకని బల్లకి బిగించి, అన్నిటికంటే వెడల్పాటి ఉలి తీసుకుని, ఊరికే నిలబడిపోయింది. ఆ గోడ మళ్ళీ కళ్ళముందుకొచ్చింది. ఇంకోసారి ఎవరైనా ఆ గోడ ఇస్తామంటారా? ఈ భుజం ఇంకో పుస్తకం కానిస్తుందా? రెండింటికీ ఆమెకి జవాబు తెలుసు. కోసింది. ఉలి మెలికల మీదుగా, చుక్కల మీదుగా కరకరమంటూ నడిచింది.

దాని మీంచి అప్పటిదాకా తీసిన ప్రతులన్నీ చించి బుట్టలో పడేసింది. ఒక్కటి మాత్రం, అన్నిటికంటే బాగా వచ్చినది, సొరుగులో కాగితాల అడుగున పెట్టింది. ఎవరు చూడొచ్చారు? చాలాసేపు వేరే పనులు చేసుకుంది. సిరా డబ్బాలు తుడిచింది, ఎండిపోయిన రోలర్‌ని గీకి గీకి దారికి తెచ్చింది. చివరికి సొరుగు లాగి దాన్ని కూడా తీసి చించేసింది. దానికి మాత్రం కళ్ళనీళ్ళు తిరిగాయి. తిరగవా మరి!

మడత తిరగబడకుండా ఆ చోటులో ఒక పేజీ ఉండాలి. ఉలి తగలని కొత్త పలకకి సిరా పట్టించి అచ్చు తీసింది. ఒక్క గీత లేని నలుపు. ప్రతి పుస్తకానికీ ఒకటి చొప్పున తీసి తీగ మీద వరసగా ఆరేసింది.

మేడమ్ వారం చివర్లో వచ్చి, ఆ నల్ల పేజీల ముందు నిలబడి కళ్ళజోడు పైకీ కిందికీ నెట్టుకుంది.

"ఏమిటండీ ఇది? అదేది?"

"తీసేశానండీ. పలక కోసేశాను."

"కోసేశారా! పోస్టరు కూడా వేయిస్తున్నాను నేను! ఎందుకండీ?"

"ముగ్గు వేసినావిడకి అది ఇష్టం లేదు."

"నాతో ఒక్క మాట చెప్తే నేను మాట్లాడేదాన్ని కదా. లేదా మీరే నచ్చజెప్పి ఒప్పించాల్సింది."

"నేనడిగితే ఒప్పుకునేదండీ," అంది అచ్చులమ్మ. "అందుకే అడగలేదు."

మేడమ్‌కి అది అర్థమైందో లేదో తెలియదు. ఆవిడ చెడ్డ మనిషి కాదు, అరవలేదు. అయితే ఆ గోడ ఇంకొకరికి ఇవ్వక తప్పదని, ఈ పుస్తకాన్ని లోపలి గదిలో బల్ల మీద పెడతానని చెప్పింది. ఫోన్‌లో తను తీసుకున్న ఫొటో చివరిసారి చూసుకుని, అచ్చులమ్మ ఎదురుగానే తీసేసింది. "బంగారంలాంటిది పాడుచేసుకున్నారు," అని నిట్టూర్చి వెళ్ళిపోయింది. బాధ లేదంటే అబద్ధం. అచ్చులమ్మ ఆ మధ్యాహ్నం అన్నం ముద్ద కూడా ముట్టలేదు.

వదిన ఎప్పటిలాగే వచ్చి ఎత్తుపీట మీద కూర్చుంది. పట్టీ మడుస్తూ మడుస్తూ నల్ల పేజీ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది.

"ఇదేంటి, ఏమీ లేదు?"

"ఏమీ లేదు."

వదిన ఆ పేజీ మీద అరచేత్తో ఒకసారి నిమిరింది, అంచుకి అంచు చేర్చింది, బద్దతో ఒక్క లాగు లాగింది. ఇంకో పట్టీ అందుకుంది. సాయంత్రం దాకా ఇద్దరూ మడతలు, జిగురు, అట్టల మాటలు తప్ప వేరే మాట్లాడుకోలేదు.

తర్వాతి రోజు వాకిట్లో నీళ్ళు చల్లిన చప్పుడుకి అచ్చులమ్మకి మెలకువ వచ్చింది. కిటికీ బయట ఇంకా మసక. చీపురు చప్పుడు వచ్చింది, ఆగింది. డబ్బా మూత తీసిన చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు. ముగ్గు పడుతుంటే ఏ చప్పుడూ ఉండదు. ఫోన్ దిండు పక్కనే ఉంది. ఆ నెలరోజుల అలవాటు కొద్దీ కాళ్ళు మంచం దిగబోయాయి, వాటిని మళ్ళీ దుప్పట్లోకి లాక్కుంది. ఆ నిశ్శబ్దం చాలాసేపు సాగింది. నాలుగు రేకులకి అంతసేపు పట్టదు. ఒక్కసారి కిటికీ దగ్గరికి వెళ్ళి తొంగి చూస్తే ఏం పోతుంది అనిపించింది. నోరూరినట్టు చేతులు ఊరాయి. గోడ వైపుకి తిరిగి పడుకుంది.

బాగా తెల్లారాక కిందనుంచి అన్నయ్య కేక వినిపించింది. "ఏమే అచ్చులమ్మా! తొందరగా కిందికి దిగు! మీ వదిన ఇవాళ వాకిలి మొత్తం నింపేసింది, స్కూటర్ ఎటునుంచి తియ్యాలో తెలియట్లేదు నాకు!"

"దాని మీంచే తీసెయ్ అన్నయ్యా," అని పక్క మీంచే జవాబిచ్చింది.

స్కూటర్ వెళ్ళింది. పాలవాడి సైకిల్ వచ్చి వెళ్ళింది. ఎవరో గేటు తీసుకుని వచ్చారు, మాట్లాడారు, వెళ్ళారు. అప్పుడు గానీ ఆమె లేచి మొహం కడుక్కోలేదు. దిగి వచ్చి, వీధి వైపు చూడకుండా తిన్నగా వంటింట్లోకి వెళ్ళింది. వదిన టీ వడపోస్తోంది. ముంజేతి దాకా తెల్లటి పిండి ఉంది, ఇంకా కడుక్కోలేదు. ఒక గ్లాసు మరదలి చేతిలో పెట్టి, తనొకటి తీసుకుని గట్టుకి ఆనుకుంది.

"చూశావా?" అంది.

"లేదు."

వదిన గ్లాసు పెదాల దాకా తీసుకెళ్ళి ఆపింది. మరదలి మొహంలోకి ఒక్క నిమిషం చూసింది.

"బాగా వచ్చింది," అంది.